నేలమాళిగ నుంచి ముందు గుమ్మానికి

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ మారిటైం మ్యూజియం వాళ్లు 1994లో ఒక కొత్త గ్యాలరీ తెరిచారు. ఆఫ్రికాలో మనుషుల్ని పట్టుకుని, సంకెళ్లు వేసి, అట్లాంటిక్ సముద్రం దాటించి అమ్మిన చరిత్ర గురించి ఆ గ్యాలరీ. లివర్‌పూల్ ఓడలు అలా దాటించినవాళ్లే దాదాపు 15 లక్షలమంది. ఊరి మేడలు, బ్యాంకులు చాలావరకు ఆ డబ్బుతో లేచినవే. అంత పెద్ద సంగతిని చెప్పే గ్యాలరీకి దొరికిన చోటు భవనం కింద, నేలమాళిగలో.

దానికి వంద కారణాలు ఉండొచ్చు. ఎక్కడ జాగా ఖాళీగా ఉంది, ఎంత ఖర్చవుతుంది, పాత గోడను ఎక్కడ తాకనిస్తారు, ఇలాంటివి. కానీ చూడటానికి వచ్చినవాళ్లకు ఆ కారణాలేవీ కనబడవు. కనబడేది కిందికి దిగే మెట్లు. పైన కళకళలాడే ఓడల బొమ్మలు, కింద దాచినట్టుగా బానిసల కథ.

2007 ఆగస్టు 23న అదే కథ మూడో అంతస్తుకు ఎక్కింది, ఇంటర్నేషనల్ స్లేవరీ మ్యూజియం అనే సొంత పేరుతో. ఇప్పుడు రెండు మ్యూజియాలనూ పెద్ద ఎత్తున మార్చడానికి 2025 మొదట్లో మూసేశారు. ప్రణాళిక ప్రకారం బానిసత్వ మ్యూజియానికి వేరే ముందు గుమ్మం వస్తుంది. పక్కనే ఉన్న పాత డాక్ (ఓడరేవు) ఆఫీసు భవనంలోంచి, వరండాకు పెద్ద పెద్ద స్తంభాలున్న వైపు నుంచి లోపలికి వెళ్తారు. ఆ భవనానికి ఇప్పుడు డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పేరు పెట్టారు.

పాత కట్టడంలో సముద్ర చరిత్రను ఎలా అమర్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఈ మెట్ల కథే గుర్తొస్తుంది. డిజైన్ అనగానే మనం లైట్లు, షోకేసులు, టచ్ స్క్రీన్లు అనుకుంటాం. అవన్నీ తర్వాతి సంగతి. ఏ వస్తువు ఏ గదిలో, ఏ అంతస్తులో, ఏ కిటికీ పక్కన ఉంటుందన్నది ముందు తేలాలి. కొత్త భవనమైతే కథను బట్టి గదులు కట్టుకోవచ్చు. పాత భవనంలో గదులు ఎప్పుడో కట్టేశారు, కథే వాటిలో సర్దుకోవాలి. ఆ సర్దుబాటులో తేమ, బరువు, వెలుతురు, చట్టం, డబ్బు, రాజకీయం అన్నీ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడతాయి.

గిడ్డంగి స్వభావం

లివర్‌పూల్ మ్యూజియం ఉన్న ఆల్బర్ట్ డాక్‌ను 1846లో తెరిచారు. జెస్సీ హార్ట్లీ అనే ఇంజినీరు పని అది. అప్పటిదాకా రేవుల్లో గిడ్డంగులు తరచూ తగలబడేవి. లోపల పత్తి, బ్రాందీ, పంచదార, పొగాకు, కట్టడమేమో కలప. హార్ట్లీ కలప ఊసే లేకుండా పోత ఇనుము, ఇటుక, రాయితో కట్టాడు. ఓడ సరాసరి గోడ పక్కకు వస్తే సరుకు అక్కడి నుంచే అంతస్తుల్లోకి చేరేది. రెండేళ్లు తిరిగేసరికి నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు కూడా పెట్టారు.

ఇలాంటి భవనం మ్యూజియానికి కొన్ని విషయాల్లో వరం. బేళ్లకు బేళ్లు మోయడానికి కట్టిన నేల కాబట్టి ఫిరంగి పెట్టినా, లంగరు పెట్టినా కుంగదు. గదులు లోతుగా, చీకటిగా ఉంటాయి. పాత పటాలకూ బట్టలకూ అది మేలే. ఇబ్బంది మరోచోట వస్తుంది. గిడ్డంగిలో సరుకు ఎక్కువ పట్టాలని అంతస్తులు తక్కువ ఎత్తులో కడతారు. తెరచాపల ఓడ నమూనా ఒకటి తెచ్చారనుకోండి, దాని స్తంభం కొన కప్పుకు తగులుతుంది. ప్రతి కొన్ని అడుగులకూ ఒక ఇనుప స్తంభం. డిజైనర్ గీసిన దారికి ఏదో ఒకటి అడ్డం.

ఇక్కడే డిజైనర్లు రెండు రకాలుగా విడిపోతారు. ఒకరు తెల్లటి బోర్డులు కొట్టి స్తంభాల్ని, ఇటుకల్ని కప్పేస్తారు. లోపలికి వెళ్లాక అది షాపింగ్ మాల్ అన్నా నమ్మాలి. రెండోవాళ్లు స్తంభాల మధ్య జాగానే ఒక గదిగా లెక్కేసి, స్తంభం దగ్గర కథ మలుపు తిరిగేట్టు అమరుస్తారు. నా ఓటు రెండోవాళ్లకే. ఆ ఇనుప స్తంభం కూడా సముద్ర చరిత్రలో భాగమే కదా. పైన ఎంత పత్తి మోసి ఉంటుందో, ఆ పత్తిని ఎవరు తీసి ఉంటారో అనే ఆలోచన అక్కడే పుట్టించవచ్చు. బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. కాబట్టి 1846లో తెరిచిన ఈ డాక్‌కు ఆ ఓడలు రాలేదు. కానీ అమెరికాలో బానిసత్వం పోయింది 1865లో. నడుమ పంతొమ్మిదేళ్లు అక్కడి బానిసల చేతి పత్తి ఈ ఊరికి వస్తూనే ఉంది. ఈ తేడాను ఏ లేబుల్ మీదైనా రెండు వాక్యాల్లో రాయొచ్చు. గిడ్డంగిలో నిలబడి చదివితే ఆ రెండు వాక్యాల బరువు వేరు.

వస్తువుకు పడేది గోడకు పడదు

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. సముద్రం నుంచి వచ్చిన వస్తువులు మహా పేచీకోరువి.

వందల ఏళ్లు నీళ్లలో నానిన చెక్కను బయటికి తీస్తే చూడటానికి గట్టిగానే ఉంటుంది. నిజానికి దాని లోపలి కణాల గోడల్ని సూక్ష్మజీవులు తినేసి ఉంటాయి, ఆకారాన్ని నిలబెడుతున్నది నీరే. అలాగే ఎండనిస్తే ముడుచుకుపోయి బీటలు వారుతుంది. అందుకని నీటి స్థానంలోకి మెల్లగా ఒక రకం మైనం లాంటి పదార్థాన్ని ఎక్కిస్తారు. స్వీడన్‌లోని వాసా ఓడ 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగింది. 1961లో పైకి తీశాక దానిమీద ఆ ద్రావణాన్ని 17 ఏళ్లు చల్లారు. అంత చేసి, కొత్త భవనం కట్టి, 1990లో మ్యూజియం తెరిచారు. 2000లో వేసవి అంతా వానలు. తడిసిన కోట్లతో జనం బారులు తీరి లోపలికి వచ్చారు. లోపల తేమ పెరిగింది. చెక్క మీద తెల్లగా, పచ్చగా మచ్చలు పొడుచుకొచ్చాయి. చూస్తే ఆమ్లం. సముద్రంలో ఉన్నప్పుడు చెక్క పీల్చుకున్న గంధకం, తుప్పుపట్టిన ఇనుప మేకులు, ఈ తేమ కలిసి చేసిన పని. తర్వాత వేలాది పాత మేకుల్ని పీకి తుప్పు పట్టని వాటిని వేయాల్సి వచ్చింది.

అది ఇందుకోసమే కట్టిన కొత్త భవనం. ఏసీ ఉంది, డబ్బుంది, నిపుణులున్నారు. ఇక రెండు వందల ఏళ్ల గిడ్డంగిలో పరిస్థితి ఊహించుకోండి.

ఇనుముది ఇంకో గోల. ఉప్పు నీటిలో ఉన్న ఇనుము లోపలికంటా ఉప్పును తాగేసి ఉంటుంది. గాలిలో కాస్త తేమ తగిలితే చాలు, పొరలు పొరలుగా ఊడిపోతుంది. బ్రిస్టల్‌లో గ్రేట్ బ్రిటన్ అనే ఇనుప ఓడ ఉంది. 1843లో జలప్రవేశం చేసింది. ఎక్కడెక్కడో తిరిగి, ఫాక్‌ల్యాండ్ దీవుల్లో శిథిలమై, 1970లో తాను పుట్టిన డ్రై డాక్‌కే, అంటే నీళ్లు తోడేసి ఓడలు కట్టే గుంటకే, తిరిగొచ్చింది. దాన్ని కాపాడటానికి గాలిలో తేమ 20 శాతానికి తగ్గించాలని తేలింది. అంటే ఎడారి గాలి. ఊరేమో వానల ఊరు. 2005లో వాళ్లు చేసింది నాకు భలే నచ్చుతుంది. ఓడ నీటిలో మునిగే గీత దగ్గర చుట్టూ గాజు పలకలు పరిచి, వాటి మీద పలుచగా నీళ్లు పారించారు. పైనుంచి చూస్తే ఓడ సముద్రంలో తేలుతున్నట్టు ఉంటుంది. మెట్లు దిగి గాజు కిందికి వెళ్తే పాత డాక్ నేల, పొడి గాలి, తుప్పు తిన్న ఓడ కడుపు. వస్తువును కాపాడే ఏర్పాటే కథ చెప్పే ఏర్పాటు కూడా అయింది. ఇలా రెండూ ఒకటవడం అరుదు.

గోడల సంగతేమిటంటే, పాత గోడలు సున్నంతో కట్టినవి. అవి తేమను పీల్చి, మళ్లీ వదులుతాయి. మన పాత పెంకుటిళ్లలో పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వానాకాలంలో గోడ చెమ్మగా ఉంటుంది, ఎండ రాగానే ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూసి, ప్లాస్టిక్ పెయింట్ వేసి, గదిని ఏసీతో చల్లబెడితే ఆ చెమ్మ బయటికి పోలేదు. గోడ మీద ఉప్పు తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. వస్తువుకు కావలసింది మారని, మూసిన గాలి. గోడకు కావలసింది ఆడే గాలి. రెండింటినీ ఒకే గదిలో మెప్పించడం కుదరదు.

ఈ రంగంలో ఉన్నవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం పెట్టెలో పెట్టె. గది మొత్తాన్ని ఎడారి చేయాలని చూడకుండా గదిని మామూలుగా వదిలేస్తారు. నాజూకైన వస్తువుల్ని మాత్రం గాలి చొరబడని షోకేసుల్లో పెట్టి, అడుగున కనబడకుండా సిలికా జెల్ పెడతారు. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లం ఉంటుంది చూడండి, అదే, కాస్త పెద్ద ఎత్తున. కరెంటు పోయినా అది పని చేస్తూనే ఉంటుంది. పగలంతా ఏసీ వేసి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపేసే మ్యూజియాల కంటే ఇది వెయ్యి రెట్లు నయం. రోజూ తేమ ఎక్కి దిగడం వల్ల చెక్కకు జరిగే హాని, ఒకే స్థాయిలో కొంచెం ఎక్కువ తేమ ఉండటం వల్ల జరిగే హాని కంటే పెద్దది. 45 నుంచి 55 శాతం మధ్యే ఉండాలని ఒకప్పుడు పట్టుబట్టేవాళ్లు. కరెంటు బిల్లులు, వాతావరణ మార్పు దృష్టిలో పెట్టుకుని ఇప్పుడు చాలా పెద్ద మ్యూజియాలు మామూలు వస్తువులకు 40 నుంచి 60 శాతం దాకా పర్వాలేదంటున్నాయి.

కిటికీ పేచీ

వెలుతురు గురించి ఒక్క మాట. కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మలకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదని లెక్క. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అంటే నౌకా పటం ముందు నిలబడినప్పుడు మన కళ్లు సంజ చీకటికి అలవాటు పడాలి. రేవు గిడ్డంగిలో అన్నిటికంటే గొప్ప ప్రదర్శన కిటికీ లోంచి కనబడే నీళ్లే. అన్నిటికంటే పెద్ద శత్రువూ ఆ కిటికీయే. మూసేస్తే సముద్రం లేని సముద్ర మ్యూజియం అవుతుంది. తెరిస్తే పటం పదేళ్లలో వెలిసిపోతుంది. తెలివైనవాళ్లు కిటికీ దగ్గర రాయి, కంచు, పింగాణీ, లేదంటే ఒట్టి బెంచీ పెడతారు. కాగితాలూ బట్టలూ గది నడిమధ్యకు, కిటికీకి వీపు తిప్పి వెళ్తాయి. వెలుతురు నుంచి చీకట్లోకి ఒక్కసారిగా కాకుండా మెల్లగా నడిపిస్తారు.

చిన్నప్పుడు స్కూలు వాళ్లు మమ్మల్ని ఒక పాత బంగళాలోని మ్యూజియానికి తీసుకెళ్లారు. ఏ ఊరో అనవసరం. గాజు పెట్టెలో ఓడ నమూనా ఉంది. దాని ఎదురు గోడకు ట్యూబ్‌లైటు. ఆ గాజులో నాకు కనబడింది ట్యూబ్‌లైటు, నా మొహం, వెనక తోస్తున్న మా వెంకట్రావు మొహం. ఓడ ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను. దీపం ఎక్కడ పెట్టాలో ఆలోచించడానికి కోట్ల బడ్జెట్ అక్కర్లేదు, పెట్టె ముందు ఒకసారి పిల్లవాడి ఎత్తులో వంగి చూస్తే చాలు.

ముట్టుకోకుండా మార్చడం

పాత కట్టడాల్లో పని చేసేవాళ్లందరూ చెప్పే సూత్రం ఒకటుంది. నువ్వు పెట్టింది రేపు ఇంకొకరు తీసేసినప్పుడు కింద ఉన్న కట్టడం మీద గీత కూడా పడి ఉండకూడదు. అందుకే షోకేసులు గోడకు బిగించరు, నేల మీద సొంత కాళ్లతో నిలబెడతారు. వైర్లు గోడ తొలిచి వేయరు, ఎత్తు చేసిన నేల కింద నడిపిస్తారు. మేకు కొట్టక తప్పకపోతే రాయిలో కాకుండా రాళ్ల మధ్య సున్నపు గీతలో కొడతారు. రాయికి చిల్లు పడితే పడినట్టే, సున్నం మళ్లీ నింపొచ్చు.

దీన్ని పెద్ద స్థాయిలో చూడాలంటే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాలి. అక్కడి సముద్ర మ్యూజియం 1656లో నౌకాదళం కోసం కట్టిన గిడ్డంగిలో ఉంది. వాస్తుశిల్పి డేనియల్ స్టాల్పార్ట్. మోకులు, తెరచాపలు, ఫిరంగులు, ఓడలకు కావలసిన తిండి అన్నీ అక్కడ దాచేవారు. నాలుగు వైపులా భవనం, మధ్యలో పెద్ద చావడి లాంటి ఖాళీ జాగా. 1791లో అగ్నిప్రమాదంలో లోపలంతా కాలిపోయింది, మళ్లీ కట్టుకున్నారు. 1973లో మ్యూజియం అయింది. 2007లో మూసి, నాలుగేళ్లు పనిచేసి 2011లో తెరిచారు.

వాళ్ల సమస్య ఇది. జనం పెరిగారు, టికెట్ కౌంటరు, క్యాంటీన్, వాన పడితే నిలబడే చోటు కావాలి. భవనం లోపల ఏ గదిని ఇచ్చినా ప్రదర్శనకు జాగా తగ్గుతుంది. చివరికి నడిమి ఖాళీ జాగా మీద గాజు కప్పు వేశారు. ఇంజినీరు లారెంట్ నే దాని ఉక్కు గీతల్ని ఎక్కడి నుంచి తీశాడంటే, పాత నౌకా పటాల మీద దిక్సూచి నుంచి అన్ని వైపులకూ సాగే గాలి రేఖల నుంచి. కింద నిలబడి తల పైకెత్తితే సరంగు చేతిలోని పటం ఆకాశం మీద పరిచినట్టు ఉంటుంది. ఆ కప్పు అంచుల్లో మాత్రమే భవనం మీద ఆనుతుంది, గోడల మొహాల జోలికి పోదు. ఆ జాగాలో మాత్రం వస్తువు ఒక్కటీ పెట్టలేదు. మ్యూజియం అనగానే ప్రతి మూలా నింపేయాలనే ఆత్రం మనకు ఉంటుంది. వాళ్లు అన్నిటికంటే విలువైన చోటును ఖాళీగా ఉంచారు. అక్కడి నుంచి తూర్పు, పడమర, ఉత్తరం అని దిక్కుల పేరుతోనే భవనం భాగాలు పిలుస్తాయి. ఎటు వెళ్లాలో మన ఇష్టం.

డెన్మార్క్‌లో ఇంకా తెగించారు. అక్కడి సముద్ర మ్యూజియం 1915 నుంచి హెల్సింగోర్‌లోని క్రోన్‌బోర్గ్ కోటలో ఉండేది. 2000లో కోటకు యునెస్కో గుర్తింపు వచ్చాక మ్యూజియం బయటికి రావలసి వచ్చింది. పక్కనే పాడుబడిన డ్రై డాక్ ఇచ్చారు. కోట కనబడకుండా అడ్డం వచ్చేదేదీ భూమి పైకి లేవకూడదన్నది షరతు. పోటీకి వచ్చినవాళ్లు డాక్ గుంటలో మ్యూజియం కడతారనే అందరూ అనుకున్నారు. గెలిచిన బిగ్ అనే ఆర్కిటెక్ట్ సంస్థ గుంటను ఖాళీగా వదిలేసి, దాని గోడలకు అవతల, భూమి లోపల చుట్టూ మ్యూజియం కట్టింది. 2013లో తెరిచారు. గుంట మీదుగా వంతెనలు దాటుతూ మనం లోపలికి దిగుతాం. ఓడ లేదు. ఓడ ఎంత పెద్దదో ఆ ఖాళీ చెబుతుంది.

అన్నిసార్లూ ఇలా కుదరదు. లండన్‌లో కట్టీ సార్క్ అనే టీ ఓడను 2007 అగ్నిప్రమాదం తర్వాత బాగుచేస్తూ మూడు మీటర్లకు పైగా ఎత్తి, నడుం చుట్టూ గాజు పరికిణీ కట్టినట్టు కట్టారు. కింద నడిచి చూడొచ్చు, పార్టీలకు అద్దెకూ ఇవ్వొచ్చు. ఒడ్డున నిలబడి చూసేవాడికి మాత్రం ఓడ అందమైన వంపు గాజు వెనక్కి పోయింది. 2012లో బ్రిటన్‌లో అన్నిటికంటే వికారమైన కట్టడానికి ఇచ్చే ఎగతాళి బహుమతి దానికే దక్కింది. గట్టిగానే మొట్టారు అనిపిస్తుంది గానీ, ఆ మొట్టికాయ అన్యాయం అనలేను.

బార్సిలోనా కథ ఇంకో రకం. అక్కడ మ్యూజియం పాత రాజ నౌకాశాలలో ఉంది. ఎత్తైన రాతి కమానులు, వాటి కింద 60 మీటర్ల పొడవున్న తెడ్ల ఓడ. 1571లో లెపాంటో యుద్ధంలో పాల్గొన్న స్పెయిన్ నాయక ఓడకు అది నకలు, యుద్ధానికి 400 ఏళ్లు నిండిన సందర్భంగా చేసింది. అసలు ఓడను కట్టింది ఆ నౌకాశాలలోనే. అంత పెద్ద వస్తువు వేరే ఏ మ్యూజియంలో పెట్టినా ఇరుకుగా ఉంటుంది. అక్కడ మాత్రం కమానులు దానికోసమే వంగినట్టు ఉంటాయి. తమాషా ఏమిటంటే, మరమ్మతుల సమయంలో తవ్వితే ఇప్పుడున్న కట్టడంలో చాలాభాగం అందరూ అనుకున్నట్టు మధ్యయుగానిది కాదనీ, 16వ శతాబ్దం చివర్లో మళ్లీ కట్టిందనీ తేలింది. అడుగున రోమన్ల కాలపు సమాధులు కూడా బయటపడ్డాయి. వస్తువుల లేబుళ్లు సరిచూసుకునే మ్యూజియం భవనం లేబులే మార్చుకోవలసి వచ్చింది.

ఎవరి సముద్రం

సముద్ర మ్యూజియాలకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. మిగిలే వస్తువులు గెలిచినవాళ్లవి. కెప్టెన్ దుర్భిణి మిగులుతుంది, కళాసీ చొక్కా మిగలదు. వ్యాపారి చిత్రపటం మిగులుతుంది, సంకెళ్లలో ఉన్నవాడి పేరు కూడా మిగలదు. దానికి తోడు భవనం కూడా గెలిచినవాళ్లు కట్టిందే. ఏమీ ఆలోచించకుండా వస్తువుల్ని వరసగా పేర్చినా చాలు, ప్రదర్శన దానంతటదే కంపెనీ తరఫున మాట్లాడుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ రేవులో మ్యూజియం పక్కన డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడ నకలు ఒకటి నిలబెట్టి ఉంటుంది. పిల్లలు ఎక్కి ఫిరంగుల దగ్గర ఆడుకుంటారు. అసలు ఓడ 1749లో మొదటి ప్రయాణంలోనే ఇంగ్లండ్ తీరాన చిక్కుకుపోయింది. ఆ కంపెనీ మనకు పరాయిది కాదు. 1605లోనే బందరులో అడుగుపెట్టింది. ఇక్కడి అద్దకం బట్టలు ఐరోపా మేడల్లో పరదాలయ్యాయి. కరువు కాలాల్లో కోరమాండల్ తీరం నుంచి మనుషుల్ని కూడా కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, పంపింది. ఆ నకలు ఓడ డెక్ మీద నిలబడిన తెలుగువాడికి ఈ రెండో సంగతి గుర్తొస్తే ఆటగా ఉండదు. ఆ ఊళ్లోనే ఇంకో సంస్థ, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం, 17వ శతాబ్దాన్ని స్వర్ణయుగం అనడం మానేస్తున్నట్టు 2019లో ప్రకటిస్తే పెద్ద రభసే జరిగింది. ఎవరికి స్వర్ణయుగం అన్న ప్రశ్నను గోడ మీద రాయడం సులువు. గదుల్ని ఆ ప్రశ్నకు తగ్గట్టు అమర్చడం కష్టం.

ఓడ అడుగున బానిసల్ని కుక్కిన చీకటి గదిని అచ్చుగుద్దినట్టు కట్టి చూపించాలా అన్న వాదన కూడా ఎప్పటినుంచో ఉంది. నాకైతే వద్దనే అనిపిస్తుంది. కొలతలు తెచ్చుకోవచ్చు. వాసన తేలేం, భయం తేలేం. రెండు నిమిషాల్లో బయటికి వచ్చి ఐస్‌క్రీం తింటామని తెలిసిన మనిషికి అది ఎగ్జిబిషన్‌లో దయ్యాల గుహ అయిపోతుంది. లివర్‌పూల్‌లో అంతకంటే బలమైనది ఉంది. మ్యూజియం బయటికొచ్చి కొద్ది అడుగులు వేస్తే 18వ శతాబ్దపు పాత డ్రై డాకులు. బానిసల ఓడల్ని మరమ్మతు చేసి, సిద్ధం చేసి పంపింది అక్కడే. ఇప్పుడు చేస్తున్న మార్పుల్లో వాటిని కూడా నడిచి చూసే చోటుగా కలుపుకోవాలన్నది వాళ్ల ఆలోచన. అక్కడ బొమ్మలు పెట్టనక్కర్లేదు. రాతి గోడ, నీటి గుర్తు ఉన్నాయి.

మన తీరం

మన దగ్గరికి వస్తే, విశాఖ బీచ్ రోడ్డులో డచ్ బంగళా అని పేరున్న పాత భవనంలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు ఊరి మీద వేసిన బాంబు ఒకటి అక్కడ చూడొచ్చు. అదే తీరాన కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు తీసుకుని, 2002 నుంచి మ్యూజియం. అక్కడ భవనమూ అదే, వస్తువూ అదే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంత లోంచి వంగి దూరాలి. ఆ వంగడమే ప్రదర్శన. రిటైరైన నేవీ వాళ్లు పక్కన నిలబడి ఇక్కడ పడుకునేవాళ్లం, ఇక్కడ వండేవాళ్లం అని చెబుతుంటే లేబుల్ ఎవరు చదువుతారు?

ఇంకో చోటు ఉంది, అక్కడికి టూరిస్టు బస్సులు పోవు. బాపట్ల జిల్లా మోటుపల్లి. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం స్తంభం మీద చెక్కి ఉంది. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని అందులో మాట ఇచ్చాడు. దాన్ని ఊడబెరికి హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఏసీ గదిలో పెడితే ఎక్కువమంది చూస్తారు, నిజమే. కానీ సముద్రపు గాలి తగిలే ఆ ఊళ్లో ఉన్నంతసేపే అది రేవు శాసనం. అక్కడే ఉంచి, చదవగలిగేట్టు ఒక పక్కవాటు దీపం, నేటి తెలుగులో ఒక పలక, ఎండకు కాస్త నీడ పెడితే చాలు. పక్కవాటు వెలుగులో చెక్కిన అక్షరాలు ఎలా లేచి నిలబడతాయో శాసనాలు చదివేవాళ్లను అడగండి.

ఈ తీరం నుంచి వెళ్లిన మనుషుల గుర్తు మాత్రం దూరాన, మారిషస్‌లో ఉంది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లను అక్కడ కోరంగులు అనే పిలిచారు. పోర్ట్ లూయీ రేవులో 1849 నుంచి కూలీల డిపో నడిచిన చోటును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 1834 నుంచి 1920 దాకా ఆ దేశానికి వచ్చిన కూలీలు దాదాపు ఐదు లక్షలమంది. డిపోలో ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే. రాతి గదుల మొండి గోడలు, ఒక గేటు, మెట్లు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఓడ దిగినవాళ్లు పైకి ఎక్కింది ఆ మెట్ల మీదుగానే. పక్కనే వివరాలు చెప్పే కేంద్రం కట్టారు గానీ, మెట్ల మీద ఏ షోకేసూ పెట్టలేదు. మారిషస్ తెలుగువాళ్లు నాలుగైదు తరాల తర్వాత కూడా అక్కడికి వచ్చి, కింది మెట్టు దగ్గర కాసేపు నిలబడి, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎక్కుతారు.